మొండెద్దు లాంటి కరెంటు



మనం ఉండే ప్రతి క్యాంపులోనూ గుమ్మం పక్కన గోడకు ఒక డబ్బా ఉంటుంది. మూత తీస్తే వరసగా స్విచ్చులు. వాటిలో ఒకటి మిగతా వాటికంటే వెడల్పుగా ఉంటుంది. దాని మీద చిన్న బటను, బటను మీద ‘టి’ అనే అక్షరం. వాన పడిన రాత్రి మన నిద్ర చెడగొట్టేది అదే. ఫ్యాన్లు ఆగిపోతాయి, ఒళ్లంతా చెమట, ఎవరో ఒకరు లేచి తిట్టుకుంటూ దాన్ని మళ్లీ పైకి ఎత్తుతారు. దాని పేరు ఈఎల్‌సీబీ. అది ఎందుకు పడుతుంది, దాని కడుపులో ఏముంది అని నన్ను చాలామంది అడిగారు. ఈ వారం అది చెబుతాను. కానీ అది చెప్పాలంటే ముందు ఒక ఎద్దు సంగతి చెప్పాలి.

నాది శ్రీకాకుళం జిల్లా. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివాను. మలేషియా వచ్చి పన్నెండేళ్లు దాటింది. ఇప్పుడు జొహోర్‌లో ఒక ఫ్యాక్టరీలో చార్జ్‌మన్ కింద హెల్పరుగా చేస్తున్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మొండెద్దు ఉండేది. పలుపు పట్టుకుని ముందుకు లాగితే కాళ్లు తన్నిపెట్టి వెనక్కి లాగేది. సరే అని వెనక్కి నెడితే ముందుకు తోసుకొచ్చేది. మనం ఊరుకుంటే అదీ ఊరుకునేది. ఐటీఐలో మా మాస్టారు లెంజ్ సూత్రం చెబుతుంటే క్లాసులో సగం మంది నిద్రపోయారు. నాకు మాత్రం మా ఎద్దు కళ్ల ముందు నిలబడింది. అప్పట్నించీ ఆ పాఠం మరిచిపోలేదు.

పాఠం ఇది. రాగి తీగను చుట్టగా చుట్టి, రెండు కొసలనూ కరెంటు చూపించే మీటరుకు కలపండి. ఒక అయస్కాంతాన్ని చుట్ట దగ్గర కదలకుండా ఉంచండి. ఎంతసేపు ఉంచినా మీటరు ముల్లు కదలదు. అయస్కాంతాన్ని చుట్టలోకి తోయండి, ముల్లు ఒక పక్కకు కొట్టుకుంటుంది. బయటకు లాగండి, రెండో పక్కకు కొట్టుకుంటుంది. ఎంత జోరుగా కదిలిస్తే అంత ఎక్కువ. అయస్కాంతం ఉన్నంత మాత్రాన కరెంటు రాదు. చుట్టలో దాని బలం మారుతూ ఉండాలి. మార్పు ఉంటేనే కరెంటు.

దీన్ని కనిపెట్టినవాడు మైకేల్ ఫారడే. ఆయన మన లాంటి ఇంట్లోనే పుట్టాడు. తండ్రి కమ్మరి. 1791లో పుట్టిన ఫారడే పద్నాలుగో ఏట లండన్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి కుదిరి ఏడేళ్లు చేశాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలే ఆయన బడి. 1812లో హంఫ్రీ డేవీ అనే పెద్ద శాస్త్రవేత్త ఉపన్యాసాలు విని, అంతా శుభ్రంగా రాసుకుని, తానే బైండు చేసి ఆయనకు పంపాడు. 1813లో డేవీ దగ్గర, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడి పని దొరికింది. 1831 ఆగస్టు 29న ఒక ఇనుప రింగుకు రెండు వైపులా రెండు తీగ చుట్టలు చుట్టాడు. ఒక చుట్టకు బ్యాటరీ, రెండో దానికి మీటరు. బ్యాటరీ కలిపిన క్షణం ముల్లు కదిలింది, తర్వాత ఆగిపోయింది. తీసిన క్షణం మళ్లీ కదిలింది, ఈసారి ఎదురు దిక్కుకు. అదే ఏడాది అక్టోబరులో అయస్కాంతాన్ని చుట్టలోకి తోసి అదే సంగతి చూశాడు. ఈ రోజు మన ఫ్యాను తిరిగినా, ఫోను చార్జి అయినా ఆ రెండు ప్రయోగాల చలవే.

మరి కరెంటు ఎటు పోతుంది? ఈ ప్రశ్నకు 1834లో హైన్రిక్ లెంజ్ అనే శాస్త్రవేత్త ఒక్క మాటలో జవాబు చెప్పాడు. చుట్టలో పుట్టే కరెంటు తనను పుట్టించిన మార్పుకే అడ్డం తిరుగుతుంది. అయస్కాంతం ఉత్తర ధ్రువం చుట్ట వైపు వస్తోందనుకోండి. చుట్టలో కరెంటు ఎలా తిరుగుతుందంటే, ఆ ముఖం కూడా ఉత్తర ధ్రువం అవుతుంది. ఉత్తరం ఉత్తరాన్ని తోసేస్తుంది కదా, అందుకే అయస్కాంతాన్ని రావద్దంటుంది. అయస్కాంతం వైపు నుంచి చూస్తే ఆ కరెంటు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతూ కనిపిస్తుంది. ఇప్పుడు అయస్కాంతాన్ని వెనక్కి లాగండి. కరెంటు దిక్కు మారి గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. ఆ ముఖం దక్షిణ ధ్రువమై అయస్కాంతాన్ని పోవద్దని లాగుతుంది. వస్తుంటే తోస్తుంది, పోతుంటే లాగుతుంది. అచ్చం మా ఎద్దే.

నమ్మకం లేకపోతే ఏసీ ఫిట్టింగ్ పని చేసే తమ్ముణ్ణి ఒక మీటరు రాగి గొట్టం ముక్క అడగండి. గొట్టంలో వదులుగా పట్టే చిన్న బలమైన అయస్కాంతం ఒకటి సంపాదించండి. ముందు ఒక చిన్న ఇనుప ముక్కను నిలువుగా పట్టిన గొట్టంలో వదలండి. అర సెకను లోపలే కింద పడుతుంది. తర్వాత అయస్కాంతాన్ని వదలండి. తేనెలో దిగినట్టు మెల్లగా దిగుతుంది. రాగికి అయస్కాంతం అంటుకోదు, అయినా రాగి దాన్ని ఆపుతోంది. పడుతున్న అయస్కాంతం చుట్టూ గొట్టం గోడలో కరెంటు పుట్టి, ఆ పడడానికే అడ్డం వస్తోంది. మా గదిలో ఇది చూసి అందరూ తలా ఒకసారి వదిలి చూశారు.

సైటులో పని చేసేవాళ్లు దీన్ని రోజూ వింటూనే ఉన్నారు. డీజిల్ జనరేటరు ఖాళీగా తిరుగుతుంటే ఒక చప్పుడు. ఎవరైనా వెల్డింగ్ మొదలుపెట్టగానే ఇంజను ఒక్కసారి మూలుగుతుంది, తర్వాత ఎక్కువ డీజిల్ తాగుతూ బరువుగా తిరుగుతుంది. తీగల్లో కరెంటు పారగానే ఆ కరెంటు రోటరును తిరగనివ్వకుండా వెనక్కి పట్టుకుంటుంది. దాన్ని గెలవడానికే ఇంజను కష్టపడాలి. ఆ కష్టమే మనకు కరెంటుగా వస్తోంది. అడ్డం తిరగకపోతే ఏమయ్యేది? ఒకసారి తోసి వదిలితే జనరేటరు దానంతట అదే జోరు పెంచుకుంటూ తిరిగేది, కరెంటు ఊరికే వచ్చేది. లోకంలో అలాంటిది లేదు.

ఈ ఒక్క ముక్క గుర్తుంటే మీ డబ్బులు కూడా మిగులుతాయి. నాలుగు అయస్కాంతాలు అతికిస్తే చాలు, ఫ్యాను కరెంటు లేకుండా ఎల్లకాలం తిరుగుతుందని ఫోనులో వీడియోలు వస్తుంటాయి. ప్లగ్గులో పెడితే కరెంటు ఊరికే మిగులుతుందని చిన్న డబ్బాలు అమ్ముతుంటారు. కొనకండి. లెంజ్ సూత్రం ఒప్పుకోదు. ఏ ఖర్చూ లేకుండా వీసా ఇప్పిస్తానన్న ఏజెంటును మనం ఎలా నమ్మమో, దీన్నీ అలాగే నమ్మకూడదు.

మన ఊళ్ల కరెంటూ ఇలా పుట్టిందే. మా వైపు ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి నడుస్తోంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రాన్ని ఒక్కొక్కటి 150 మెగావాట్ల చొప్పున 6 యంత్రాలతో కట్టారు. వాటి గమ్మత్తు ఏమిటంటే, నీరు కిందికి దిగుతుంటే అవి జనరేటర్లు. కరెంటు మిగులు ఉన్నప్పుడు వాటికే కరెంటు ఇచ్చి ఎదురు తిప్పితే మోటార్లు అయి నీటిని తిరిగి పైకి తోడతాయి. యంత్రం అదే, తీగలు అవే. ఇక్కడ మలేషియాలో తెరెంగానులోని కెన్యిర్ ఆనకట్ట దగ్గర 400 మెగావాట్లు, సరవాక్‌లోని బకూన్ దగ్గర 2,400 మెగావాట్ల కేంద్రాలున్నాయి. బొగ్గుతో నడిచినా, గ్యాసుతో నడిచినా చివరికి జరిగేది తీగ చుట్టల మధ్య అయస్కాంతం తిరగడమే. ధ్రువాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి పోతుంటాయి గనుక మన గోడలోని కరెంటు సెకనుకు 100 సార్లు దిక్కు మార్చుకుంటుంది.

ఫారడేకూ మనమున్న ఈ నేలకూ ఒక చుట్టరికం ఉంది. మలయా అడవుల్లో గట్టాపెర్చా అనే చెట్టు పాలు 1843లో సింగపూరు నుంచి లండన్ చేరాయి. కరెంటు కారకుండా ఆపడానికి అవి బాగా పనికొస్తాయని 1848లో ఫారడేయే రాశాడు. తర్వాత సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు ఆ పాలతో చేసిన తొడుగే వాడారు. ఆ తర్వాతి కాలంలో రబ్బరు తోటలు వచ్చాయి, వాటితోపాటు మన విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి తెలుగు కూలీలు ఓడలెక్కి వచ్చారు. తీగ మీద తొడుగు విలువ ఈ దేశం చెట్లే లోకానికి నేర్పాయి. ఆ తొడుగు చిరిగినప్పుడు ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను.

ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట విప్పకుండా హీటరు, కెటిల్ లాంటివి వాడితే వైరు కాలిపోతుందని మీకు తెలుసు. చుట్టలో అయస్కాంతం పుట్టి కాలుతుందని చాలామంది అంటారు. అసలు కారణం వేరే. చుట్ట మధ్యలో వేడి బయటకు పోలేక తొడుగు కరుగుతుంది, అంతే. అయస్కాంతం ఎందుకు పుట్టదంటే, ఆ వైరులో రెండు తీగలు పక్కపక్కనే ఉన్నాయి. లైవ్ తీగలో కరెంటు పోతుంటే, న్యూట్రల్ తీగలో సరిగ్గా అంతే కరెంటు వెనక్కి వస్తుంది. రెండూ ఎదురెదురు దిక్కులు. ఒకటి చేసిన అయస్కాంతాన్ని రెండోది చెరిపేస్తుంది. క్లాంప్ మీటరు ఉన్నవాళ్లు మొత్తం వైరు చుట్టూ వేసి చూడండి, సున్నా చూపిస్తుంది. ఒక్క తీగ చుట్టూ వేస్తేనే లెక్క వస్తుంది.

ఈఎల్‌సీబీ లోపల ఉన్నది ఈ కిటుకే. లైవ్, న్యూట్రల్ రెండూ ఒక రింగు మధ్యలోంచి వెళతాయి. ఫారడే 1831లో చుట్టిన రింగు లాంటిదే. పోయిన కరెంటు, వచ్చిన కరెంటు సమానమైతే రింగులో అయస్కాంతం ఉండదు. ఇప్పుడు ఎక్కడో తొడుగు చిరిగి, కొంత కరెంటు ఇనుప బాడీలోంచో, మన ఒంట్లోంచో భూమిలోకి పోయిందనుకోండి. అది న్యూట్రల్ దారిన తిరిగి రాదు. లెక్క తప్పుతుంది. రింగులో అయస్కాంతం పుట్టి, దిక్కు మార్చుకుంటూ ఊగుతుంది. దాని మీద చుట్టిన సన్న తీగలో కరెంటు పుట్టి, కొక్కెం విడిపించి స్విచ్చును పడేస్తుంది. దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంటే, అంత లెక్క తప్పగానే 0.3 సెకను లోపల పడాలి. మలేషియాలో 1994 విద్యుత్ నిబంధనల ప్రకారం చేత్తో పట్టుకునే పరికరాలకు 30, తడి చోట్లకు 10 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు.

30 మిల్లీ ఆంపియర్లు అంటే ఎంత? 2,000 వాట్ల కెటిల్ దాదాపు 9,000 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. అందులో 300వ వంతు. అంతకు మించిన కరెంటు గుండె మీదుగా కొంతసేపు పారితే ప్రాణం పోవచ్చు. డబ్బాలోని మామూలు ఎంసీబీ స్విచ్చులు 20 ఆంపియర్లో, 32 ఆంపియర్లో దాటితే గానీ పడవు. మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు వాటి లెక్కలోకే రాదు. ఆ కాస్త తేడాను పట్టుకునేది ఈఎల్‌సీబీ ఒక్కటే.

2016లో నేను సెలంగోర్‌లో ఒక సైటు కొంగ్సీలో ఉన్నాను. ప్లైవుడ్ గదులు, 22 మందికి ఒకటే డబ్బా. వాన పడితే చాలు, రాత్రి మూడుసార్లు ఈఎల్‌సీబీ పడేది. పొద్దున్నే ఆరింటికి లారీ ఎక్కాలి, ఎవరికీ నిద్ర లేదు. సూపర్‌వైజరుకు చెబితే, చూద్దాం అన్నాడు. చివరికి మనవాళ్లే పని తెలిసిన ఒకాయన్ని పిలిపించారు. ఆయన దాన్ని పక్కన పెట్టి రెండు తీగలూ నేరుగా కలిపేశాడు. వద్దని నేను గట్టిగానే అన్నాను. “బావా, నీ చదువు రేపు చెబుదువు గానీ, ఈ పూట పడుకోనీ” అన్నారు. ఆ రాత్రి అందరూ హాయిగా నిద్రపోయారు. వారం రోజులు అలాగే నిద్రపోయారు.

తొమ్మిదో రోజు సాయంత్రం విజయనగరం కుర్రాడొకడు స్నానం చేసి తడి కాళ్లతో వచ్చి నీళ్ల మోటారు పక్కనున్న ఇనుప పైపు పట్టుకున్నాడు. చెయ్యి వదల్లేకపోయాడు. అరుపు కూడా రాలేదు. బట్టలుతుకుతున్న ఒక బంగ్లాదేశ్ అన్న చూసి, అతన్ని ముట్టుకోకుండా పరుగెత్తి మెయిన్ స్విచ్చు దింపాడు. కుర్రాడు బతికాడు. అరచేయి కాలింది. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. రాత్రుళ్లు లేచి కూర్చునేవాడు. ఇంటికి ఫోను చేసినప్పుడు జ్వరం అని చెప్పాడు.

అప్పుడు గానీ లైసెన్సున్న చార్జ్‌మన్ రాలేదు. పట్టుమని అరగంటలో దొరికింది. నీళ్ల మోటారు వైరు రేకు అంచుకు రాసుకుని తొడుగు చిరిగింది. వాన పడినప్పుడల్లా ఆ చిరుగులోంచి కరెంటు ఇనుములోకి కారుతోంది. వైరు మార్చి, ఈఎల్‌సీబీ మళ్లీ పెట్టాడు. ఆ తర్వాత నేను అక్కడున్న ఎనిమిది నెలల్లో అది రాత్రిపూట పడలేదు. ఇన్ని రోజులూ అది చెబుతున్నది నిజమే. నిద్ర చెడగొడుతోందని దాని నోరు మూయించారు.

దీనికీ హద్దులున్నాయని కూడా తెలుసుకోండి. ఎండు చెక్క మీద నిలబడి ఒక చేత్తో లైవ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఈఎల్‌సీబీ పడదు. పోయినదంతా తిరిగి వస్తోంది గనుక రింగుకు తేడా కనిపించదు. ఒక్కోసారి పిడుగు దూరంగా పడినా ఇది పడుతుంది. పిడుగు కరెంటు రెప్పపాటులో పెరిగి తగ్గుతుంది, అంత జోరు మార్పు వల్ల మన పొడవాటి తీగల్లో కూడా వోల్టేజీ పుడుతుంది. ప్రపంచంలో పిడుగులు ఎక్కువగా పడే దేశాల్లో మలేషియా ఒకటి. ఉరుములు మొదలవగానే టీవీ, చార్జరు ప్లగ్గులు తీసేయండి. పిడుగు తర్వాత ఒకసారి పడితే ఎత్తి చూడవచ్చు. ఎత్తిన ప్రతిసారీ పడుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం. అన్ని ప్లగ్గులూ తీసి, ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఏది పెడితే పడుతుందో అదే దొంగ.

ఇంకో మూడు మాటలు. తిరుగుతున్న ఫ్యాను, గ్రైండరు ప్లగ్గును స్విచ్చు ఆపకుండా లాగకండి. మోటారు చుట్టలో పారుతున్న కరెంటు ఒక్కసారిగా ఆగడానికి ఒప్పుకోదు, గాలిలోంచైనా దూకుతుంది. మీకు కనిపించే నీలం మెరుపు అదే. డ్రిల్లు ఇరుక్కుపోతే వెంటనే బటను వదలండి. తిరిగే మోటారు తనలో ఎదురు వోల్టేజీ పుట్టించుకుని కరెంటును అదుపులో ఉంచుతుంది. తిరగడం ఆగితే ఆ అడ్డు పోతుంది, కరెంటు విపరీతంగా వచ్చి చుట్ట కాలిపోతుంది. మూడోది, ఇక్కడి సాకెట్లలో పై కన్నం ఎర్త్‌ది. రెండు పిన్నుల ప్లగ్గు పట్టించడానికి ఆ కన్నంలో చెంచాలూ పెన్నులూ దూర్చకండి. ఇనుప బాడీ ఉన్న దేన్నయినా మూడు పిన్నులతోనే వాడండి.

డబ్బా మూత లోపల మనం చేతులు పెట్టకూడదు, అది లైసెన్సున్నవాళ్ల పని. మన పని చెప్పడం. ఫోటో తీసి, తేదీ రాసి వార్డెనుకో సూపర్‌వైజరుకో పంపండి. చట్టం 446 కింద 2020 జూన్ నుంచి కార్మికుల వసతికి కార్మిక శాఖ సర్టిఫికెట్ ఉండాలి. పనిలో దెబ్బ తగిలితే 2019 జనవరి నుంచి విదేశీ కార్మికులకు కూడా పెర్కెసో రక్షణ ఉంది. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ దింపండి. అది అందకపోతే ఎండు కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో విడిపించండి. తర్వాత 999కి ఫోను చేయండి.

నెలకోసారి, జీతం పడిన తర్వాత వచ్చే ఆదివారం, గదిలో అందరికీ చెప్పి ఆ ‘టి’ బటను నొక్కండి. అది కావాలనే లెక్క తప్పించే బటను. టక్కున పడితే మంచిది, మళ్లీ ఎత్తేయండి. పడకపోతే ఆ పూటే చెప్పండి, బాగు చేసేదాకా చెబుతూనే ఉండండి. ఒక్క నిమిషం పని. పక్క గదివాళ్లకు కూడా చూపించండి, వాళ్లది ఏ భాషయినా సరే.